జాజ్ గాయని, చిన్న బృందం, పాత పాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో మా ఇంట్లో నెలకొక ఆదివారం సాయంత్రం కొందరు మిత్రులం కలిసి జాజ్ గాత్ర ఆల్బమ్‌లు వింటాం. ఎక్కువగా అమెరికన్ స్టాండర్డ్స్, అదీ ముగ్గురు నలుగురు వాద్యకారులతో పాడినవి. కొత్తగా వచ్చినవారు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. వినడానికి వచ్చి, పాడటం మొదలుపెట్టి, చివరికి రికార్డు చేయాలనుకున్నవారి సందేహాలూ అంతే. వాటన్నింటికీ నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాశాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఫరవాలేదు.

## వినడం మొదలుపెట్టక ముందు

స్టాండర్డ్స్ అంటే ఏ పాటలు? ఎవరు రాశారు?

చాలావరకు 1920ల నుంచి 1950ల దాకా అమెరికాలో నాటకశాలల కోసం, సినిమాల కోసం పుట్టిన పాటలు. జార్జ్ గెర్ష్విన్, కోల్ పోర్టర్, జెరోమ్ కెర్న్, ఇర్వింగ్ బెర్లిన్, రిచర్డ్ రాడ్జర్స్, హెరాల్డ్ ఆర్లెన్ వీటికి బాణీలు కట్టినవారిలో ముఖ్యులు. 'సమ్మర్‌టైమ్' 1935 నాటి 'పోర్గీ అండ్ బెస్' అనే ఒపేరాలోని జోలపాట. 'మై ఫన్నీ వాలెంటైన్' 1937లో వచ్చిన ఒక సంగీత నాటకంలోది. ఆ నాటకాల్లో చాలావాటిని ఇప్పుడెవరూ ఆడటం లేదు. పాటలను మాత్రం జాజ్ కళాకారులు తీసుకుని తమవి చేసుకున్నారు. డ్యూక్ ఎల్లింగ్టన్, థెలోనియస్ మంక్ వంటి జాజ్ వాద్యకారులే కట్టిన పాటలూ ఈ కోవలో ఉన్నాయి. అన్నీ అమెరికాలో పుట్టినవీ కావు. 'ఆటమ్ లీవ్స్' మొదట ఫ్రెంచ్ పాట. బాణీ జోసెఫ్ కోస్మాది, ఫ్రెంచ్ మాటలు కవి జాక్ ప్రెవేర్‌వి, ఇంగ్లిష్ మాటలు తర్వాత జానీ మెర్సర్ రాశారు.

అందరూ అవే పాటలు ఎందుకు పాడతారు? కొత్తవి రాసుకోలేరా?

రాసుకుంటారు, పాడతారు కూడా. కానీ త్యాగరాజ కృతులు ఇంకా ఎందుకు పాడుతున్నారని మనం ఎవరినీ అడగం. రచన అందరికీ తెలిసినదైతే శ్రోత ధ్యాస 'ఈ పాట ఏమిటి' అన్నదాన్ని దాటి 'ఈమె దీన్ని ఏం చేస్తోంది' అన్నదానిమీద నిలుస్తుంది. ఒక తేడా మాత్రం ఉంది. కృతికి గురువు దగ్గర నేర్చుకున్న పాఠాంతరం ఉంటుంది, దాన్ని గౌరవించాలి. స్టాండర్డ్‌కు అలాంటి కట్టుబాటు లేదు. నడక మార్చవచ్చు, శ్రుతి మార్చవచ్చు, కింద వాయించే స్వర సముదాయాలను కూడా మార్చవచ్చు. పాట గుర్తుపట్టేలా ఉంటే చాలు. కొన్నిసార్లు అది కూడా చివరిదాకా తెలియనివ్వరు.

హోటల్ లాబీల్లో నెమ్మదిగా వినిపించే సంగీతం ఇదే కదా? దీనికోసం ప్రత్యేకంగా కూర్చోవాలా?

కూర్చోవాలి. నేను ఇంత పట్టుబట్టి చెప్పేది ఈ ఒక్క మాటే. బంజారాహిల్స్ కాఫీ హోటల్లో కబుర్ల వెనక ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ గొంతు వినిపిస్తుంది, అది హాయిగానే ఉంటుంది, కానీ మనం అక్కడ వినేది ఆ గొంతులోని నునుపు మాత్రమే. ఈ ఆల్బమ్‌లలో అసలు జరిగేది నలుగురు మనుషుల మధ్య సంభాషణ. గాయని ఒక మాటను అర క్షణం ఆలస్యం చేస్తుంది. పియానో ఆ ఖాళీని నింపాలా వదిలేయాలా అని అప్పటికప్పుడు తేల్చుకుంటుంది. బాస్ ఒక స్వరం మార్చి ఆమెను ఇంకో వైపు తీసుకుపోతుంది. పక్కన మిక్సీ తిరుగుతుంటే వీటిలో ఒక్కటీ చెవిన పడదు. ఆల్బమ్ మొత్తం వినే తీరిక లేకపోతే ఒక్క పాట వినండి, ఆ నాలుగైదు నిమిషాలు వేరే పని పెట్టుకోకండి.

బార్లలో పాడే సంగీతమని మా ఇంట్లో పెద్దలు అంటారు. పిల్లలతో కలిసి వినవచ్చా?

నిస్సందేహంగా వినవచ్చు. ఈ సంగీతం క్లబ్బుల్లో పెరిగిన మాట నిజం. ఆ రోజుల్లో అమెరికాలో నల్లజాతి కళాకారులకు చాలా పెద్ద సభామందిరాల తలుపులు మూసి ఉండేవి, క్లబ్బులే వారికి దొరికిన వేదికలు. మనవాళ్లకు ఆ అభిప్రాయం రావడానికి మరో కారణం మన పాత సినిమాలు. శాక్సఫోన్ వినిపిస్తే తెరమీద క్లబ్బు డాన్సు, ప్రతినాయకుడి గది కనిపించేవి. పాటల విషయానికొస్తే వీటిలో ఎక్కువ భాగం ప్రేమ, ఎడబాటు, ఎదురుచూపు. మన జావళీల కన్నా చాలావరకు సంకోచంగానే మాట్లాడతాయి.

మాటలు పూర్తిగా అర్థం కాకుండా వింటే ప్రయోజనం ఉంటుందా?

ఉంటుంది, కానీ సగమే. ముందు పాట సాహిత్యం ఒకసారి చదువుకోండి. అర పేజీ కూడా ఉండదు, భాష కూడా సులువే. ఎక్కడ ఎత్తిపొడుపు ఉందో, ఎక్కడ బాధను దాచుకుంటున్నారో తెలిస్తే గాయని ఆ మాట దగ్గర ఏం చేసిందో వెంటనే పట్టుబడుతుంది.

ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

నేను మొదట వినిపించేది 1956 నాటి 'ఎల్లా అండ్ లూయీ'. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతులు ఒకటి పట్టు, ఇంకొకటి గరుకు. పక్కన ఆస్కార్ పీటర్సన్ పియానో, హెర్బ్ ఎల్లిస్ గిటార్, రే బ్రౌన్ బాస్, బడ్డీ రిచ్ డ్రమ్స్. నలుగురూ మహా వేగంగా వాయించగలిగినవారు, అయినా ఇక్కడ ఎక్కడా గాత్రానికి అడ్డు రారు. ఆ సంయమనం వినడానికైనా ఈ ఆల్బమ్ వినాలి.

తర్వాత 1963లో వచ్చిన 'జాన్ కోల్ట్రేన్ అండ్ జానీ హార్ట్‌మన్'. ఆరే పాటలు, అరగంటకు కాస్త ఎక్కువ. హార్ట్‌మన్ లోతైన మగ గొంతుతో నిదానంగా పాడతారు, కోల్ట్రేన్ టెనర్ శాక్సఫోన్ ఆ మాటలనే మళ్లీ తన భాషలో చెబుతుంది. శాక్సఫోన్ అంటే హడావిడి అనుకునేవారికి నేను దీన్నే ఇస్తాను.

బృందం ఇంకా చిన్నదైతే ఎలా ఉంటుందో తెలియాలంటే 1955 నాటి 'జూలీ ఈజ్ హర్ నేమ్' ఉంది. జూలీ లండన్ గొంతుకు తోడు బార్నీ కెస్సెల్ గిటార్, రే లెదర్‌వుడ్ బాస్, ఇంకేమీ లేదు. 1975లో టోనీ బెన్నెట్, బిల్ ఎవాన్స్ కలిసి చేసిన ఆల్బమ్‌లో గాత్రం, పియానో రెండే. చివరికి సారా వాన్ 1954లో క్లిఫర్డ్ బ్రౌన్ ట్రంపెట్‌తో చేసిన ఆల్బమ్ వినండి. ఒక మనిషి గొంతు ఇంత విశాలంగా ఉండగలదా అని నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

బిల్లీ హాలిడేను మొదట వినమని మాత్రం చెప్పను. ఆమె గొప్పదనం కాస్త ఆలస్యంగా తెలుస్తుంది, తెలిశాక మరి వదలదు.

ఫోనులో వింటే సరిపోదా? రికార్డు ప్లేయర్ కొనాలా?

ప్లేయర్ అవసరం లేదు. ఫోను స్పీకరు మాత్రం సరిపోదు. డబుల్ బాస్‌లో అన్నిటికన్నా మందమైన తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అంత కింది ధ్వనిని ఫోనులోని చిన్న స్పీకరు పలికించలేదు. నలుగురి బృందంలో ఒకరు దాదాపుగా మాయమైపోతారు, అదీ పాటను నడిపించే మనిషి. ఫోనుకే ఒక మామూలు హెడ్‌ఫోన్ తగిలిస్తే చాలు.

## మొదటిసారి వింటున్నప్పుడు

చిన్న బృందం అంటే ఎంతమంది? ఎవరేం చేస్తారు?

సాధారణంగా గాయనితో పాటు ముగ్గురు: పియానో, డబుల్ బాస్, డ్రమ్స్. కొన్నిసార్లు ట్రంపెటో శాక్సఫోనో చేరుతుంది. నాట్ కింగ్ కోల్ ప్రఖ్యాత ట్రయోలో, అంటే ముగ్గురి బృందంలో, డ్రమ్సే లేవు, పియానో, గిటార్, బాస్‌తో నడిపించారు. షీలా జోర్డన్ ఒక్క బాస్‌ను పక్కన పెట్టుకుని కచేరీలు చేశారు.

మన కచేరీలో వయొలిన్ గాత్రాన్ని అనుసరిస్తుంది. ఇక్కడ పియానో గాయని పాడే బాణీని వెన్నంటి వాయించదు. ఆ బాణీ కింద నేల పరిచినట్టు కొన్ని స్వరాలను కలిపి, ఎప్పుడు వస్తాయో ముందుగా తెలియని చోట్ల తేలికగా మోపుతుంది. బాస్ మాత్రకొక స్వరం చొప్పున నడుస్తుంది. తాళం ఎవరు పట్టుకున్నారని అడిగితే నేను బాస్ వైపే చూపిస్తాను. డ్రమ్స్ వాద్యకారుడు నెమ్మది పాటల్లో కర్రలు పక్కన పెట్టి సన్నని తీగల బ్రష్‌లతో డ్రమ్ము తోలుమీద నిమురుతారు. పాటంతా సన్నగా సుయ్‌మని వినిపించే చప్పుడు అదే, రికార్డింగ్ లోపం కాదు.

పాట మొదట్లో తాళం లేకుండా ఏదో పాడతారు. అది పాటలో భాగమేనా?

భాగమే. మన పాత పాటల్లో సాకీ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. నాటకంలో పాత్ర మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి దిగడానికి రాసిన మెట్టు. ఇంగ్లిష్‌లో దీన్ని వర్స్ అంటారు. చాలామంది గాయకులు వదిలేస్తారు కాబట్టి, బాగా తెలిసిన పాటకు కూడా వర్స్ ఉందని శ్రోతలకు తెలియదు. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1956 నుంచి ఒక్కొక్క స్వరకర్త పేరుతో చేసిన సాంగ్ బుక్ ఆల్బమ్‌లలో చాలా వర్స్‌లను తిరిగి పాడారు. వాటిలో వెనక ఉన్నది ఎక్కువగా పెద్ద ఆర్కెస్ట్రా, కానీ పాట పూర్తి రూపం తెలుసుకోవడానికి అంత మంచి చోటు ఇంకొకటి లేదు.

గాయని ఆపేసి వాయిద్యాలు మొదలయ్యాక పాట ఎక్కడుందో తెలియడం లేదు. ఏం చేయాలి?

మనసులో పాట పాడుతూ ఉండండి, వాళ్లు వాయిస్తున్నది అదే పాట మీద. ఈ పాటల్లో ఎక్కువ భాగం 32 బార్ల కొలతలో ఉంటాయి, బారుకు నాలుగు మాత్రలు, మొత్తం 128 మాత్రల ఆవర్తం. ఎనిమిది బార్ల పల్లవి, అదే బాణీ ఇంకోసారి, తర్వాత ఎనిమిది బార్లు వేరే బాణీ, మళ్లీ మొదటి బాణీ. గాయని పూర్తి ఆవర్తం పాడాక పియానో అదే కొలత మీద తన కల్పన వాయిస్తుంది, తర్వాత బాసో శాక్సఫోనో అందుకుంటుంది. డ్రమ్స్‌తో నాలుగేసి బార్లు పంచుకోవడం కూడా ఉంటుంది. గాయని తరచుగా ఆ మధ్య భాగం దగ్గరే తిరిగి ప్రవేశిస్తుంది. ఆమె ఎక్కడ అందుకుంటుందో ముందే ఊహించి, ఊహించిన చోటే ఆమె గొంతు వినిపిస్తే కలిగే ఆనందం చాలా పెద్దది.

గాయని తాళానికి వెనకబడుతున్నట్టు అనిపిస్తోంది. తప్పు పాడుతున్నారా?

లేదు, కావాలని చేస్తున్నారు. బృందం తాళం కదలదు, గాయని దాని వెనక నిలబడి మాట్లాడినట్టు పాడి, వాక్యం చివరికి వచ్చి కలుస్తుంది. బిల్లీ హాలిడే (1915–1959) ఇందులో అందరికీ గురువు. ఆమె స్వరపరిధి చిన్నది, గొంతులో బలం ఎక్కువేమీ కాదు, కానీ ఒక మాటను ఎక్కడ మోపాలో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. మన అతీత, అనాగత గ్రహాలు (తాళం దెబ్బకు ముందో వెనకో పాట ఎత్తుకోవడం) తెలిసినవారికి సూత్రం కొత్త కాదు. తేడా ఏమిటంటే అక్కడ ఎత్తుగడ ఎన్ని అక్షరాల తర్వాతో లెక్క ఉంటుంది. ఇక్కడ లెక్క లేదు, మాట బరువే లెక్క.

మధ్యలో అర్థం లేని అక్షరాలు పాడతారెందుకు?

దాన్ని స్కాట్ అంటారు. గొంతును వాయిద్యంగా మార్చి కల్పన చేయడం. 1926లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 'హీబీ జీబీస్' రికార్డుతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది, అంతకుముందూ పాడినవారున్నారు. స్వరకల్పనలో సరిగమలే అక్షరాలు, కాబట్టి పాడేది ఏ స్వరమో ఆ పేరే పలకాలి. స్కాట్‌లో ఆ నియమం లేదు, ట్రంపెట్‌లా దూకాలంటే ఒక అక్షరం, బాస్‌లా నడవాలంటే మరొకటి. అందరూ చేయాలని లేదు. జానీ హార్ట్‌మన్ ఆ ఆరు పాటల్లో ఒక్కసారి కూడా చేయలేదు, వాటికి లోటేమీ లేదు.

అన్నీ నెమ్మది పాటలే, నిద్ర వస్తోంది. నాలో లోపమా?

లోపం కాదు. వేగంగా నడిచే పాటలున్న ఆల్బమ్ వినండి. షర్లీ హార్న్ లాంటివారు పాటను ఎంత నెమ్మదిగా నడుపుతారంటే, తర్వాతి మాట వస్తుందా రాదా అని ఎదురుచూడాల్సి వస్తుంది. ఆమె తన పియానో తానే వాయించుకుంటూ పాడేవారు కాబట్టి ఎంత ఆగాలో పూర్తిగా ఆమె చేతిలోనే ఉండేది. ఆ నిదానం రుచించడానికి కొంత కాలం పడుతుంది.

## కొన్నాళ్లు విన్న తర్వాత

ఒకే పాటను పదిమంది పాడారు. అందరివీ వినాలా?

ముగ్గురివి వినండి, ఒకే సాయంత్రం, వెంటవెంటనే. మా ఇంట్లో కొత్తవారికి ఎక్కువగా నచ్చేది ఈ పద్ధతే. 'మై ఫన్నీ వాలెంటైన్' తీసుకుందాం. పాటలోని మనిషి తన ప్రియుడి రూపాన్నీ తెలివినీ వెక్కిరించి, చివరికి ఏ మాత్రం మారవద్దని వేడుకుంటుంది. చెట్ బేకర్ 1954లో దీన్ని దాదాపు కంపనం లేని లేత గొంతుతో పాడారు. వెక్కిరింత వినపడదు, వేడుకోలు మాత్రమే వినిపిస్తుంది. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ వర్స్‌తో మొదలుపెడతారు, అందువల్ల కథ చెబుతున్నట్టుగా, ఆ వెక్కిరింతలో ఆప్యాయత తెలిసేలా ఉంటుంది. సారా వాన్ పాడినప్పుడు మాటల కన్నా స్వరాల ఎత్తుపల్లాలు ముందుకు వస్తాయి. ఎవరు గొప్ప అని కాదు. పాటలో ఇన్ని మనస్తత్వాలు దాగి ఉన్నాయని మొదట తెలిసేది ఇలా పక్కపక్కన విన్నప్పుడే.

కర్ణాటక సంగీతం తప్ప వినని మా నాన్నగారికి ఏది వినిపించాలి?

'ఎల్లా ఇన్ బెర్లిన్', 1960 ఫిబ్రవరిలో జరిగిన కచేరీ. అందులో 'హౌ హై ద మూన్' పాటలో ఎల్లా నిమిషాల తరబడి స్కాట్ పాడతారు. మనోధర్మం అంటే ఏమిటో తెలిసిన పెద్దమనిషికి ఆ పాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. అదే కచేరీలో 'మ్యాక్ ద నైఫ్' పాడుతూ మాటలు మరిచిపోయి, మరిచిపోయానన్న సంగతినే తాళంలో పాడుతూ చివరిదాకా నడిపించారు. ఆ రికార్డుకు గ్రామీ పురస్కారం వచ్చింది. మొదట ఇది వినిపించి, ఆయనకు నచ్చాక నెమ్మది పాటలకు వెళ్లండి.

హైదరాబాద్‌లో జాజ్ గాత్రం ప్రత్యక్షంగా ఎక్కడ వినవచ్చు?

ముంబయి, కోల్‌కతాలకు ఉన్నంత పెద్ద జాజ్ చరిత్ర మన నగరానికి లేదు. ఆసక్తి మాత్రం పాతదే. సికింద్రాబాద్ పాతతరం శ్రోతలు కొందరికి ఇది షార్ట్‌వేవ్ రేడియోలో పరిచయమైంది, వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కనోవర్ జాజ్ కార్యక్రమం 1955లో మొదలైంది. ఇప్పుడైతే అలయన్స్ ఫ్రాంసేజ్, గోథే సెంట్రమ్, బంజారాహిల్స్‌లోని లామకాన్ కార్యక్రమాల పట్టికలు గమనిస్తూ ఉండండి. ఏప్రిల్ 30 యునెస్కో ప్రకటించిన అంతర్జాతీయ జాజ్ దినోత్సవం కాబట్టి ఆ చుట్టుపక్కల రోజుల్లో వెతకడం మంచిది. వీలైతే చిన్న గదిలో జరిగే కచేరీకి వెళ్లండి. పెద్ద మైదానంలో బ్రష్‌ల చప్పుడు వినిపించదు.

సోలో అయిన వెంటనే చప్పట్లు కొడుతున్నారు. మనమూ కొట్టాలా?

నచ్చితే కొట్టండి, అది మర్యాదే. మరీ నెమ్మది పాటలో, గాయని మళ్లీ అందుకునే క్షణంలో మాత్రం కొంచెం ఆగితే ఆ మొదటి మాట అందరికీ వినిపిస్తుంది.

పాత రికార్డులు నగరంలో దొరుకుతాయా?

జుమేరాత్ బజారులో, ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద వెతికితే అప్పుడప్పుడు కనిపిస్తాయి. జాజ్ గాత్రం అరుదు. వెలుతురుకు వాలుగా పట్టి గీతలు చూసి, అంచు వంగిపోలేదని నిర్ధారించుకున్నాకే బేరమాడండి. మన ఎండలకు వంగిన రికార్డులు ఎక్కువ.

## పాడాలనుకున్నప్పుడు

కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఆ గొంతుతో ఇది పాడగలనా?

పాడగలరు. మీకు ముందే ఉన్నవి: శ్రుతి శుద్ధి, లయ జ్ఞానం, మనోధర్మం. కొత్తగా నేర్చుకోవాల్సినవి మూడు.

మొదటిది స్వరాన్ని కదపకుండా నిలపడం. గమకంతో ఊగే గాంధారం తంబురా మీద అందంగా ఉంటుంది. పియానో కింద కొన్ని స్వరాలను కలిపి పట్టుకున్నప్పుడు అదే గమకం వాటితో ఢీకొంటుంది. స్వరాన్ని తిన్నగా నిలిపి, చివర్లో మాత్రం కొద్దిగా కదిలించడం సాధన చేయండి. రెండోది, ఆధార షడ్జం కదులుతుందని ఒప్పుకోవడం. జెరోమ్ కెర్న్ 1939లో కట్టిన 'ఆల్ ద థింగ్స్ యూ ఆర్' ఒక్క ఆవర్తంలోనే ఐదు స్థాయిల, అంటే ఐదు ఆధార షడ్జాల, గుండా వెళుతుంది. శ్రుతిపెట్టె పెట్టుకుని సాధన చేస్తే ఈ పాట రాదు, పియానోతోనో గిటార్‌తోనో చేయాలి. మూడోది స్వింగ్. తిశ్ర నడకలో మొదటి రెండు అక్షరాలను కలిపి పట్టుకుని మూడోదాన్ని విడిగా పలికితే దానికి దగ్గరగా వస్తారు. చిటిక మాత్రం రెండు, నాలుగు మాత్రల మీద వేయండి. మన చెయ్యి మొదటి దెబ్బకే పోతుంది, దాన్ని మార్చడానికి ఓపిక కావాలి.

నేను ఐదు శ్రుతిలో పాడతాను. పుస్తకంలో ఉన్న స్థాయిలోనే పాడాలా?

అవసరం లేదు, చాలాసార్లు పాడకూడదు కూడా. విరివిగా వాడే రియల్ బుక్ అనే జాజ్ పాటల స్వరలిపి పుస్తకం 1970ల మధ్యలో బోస్టన్‌లోని బర్‌క్లీ సంగీత కళాశాల విద్యార్థుల మధ్య అనుమతులు లేకుండా పుట్టింది. హక్కులు తీసుకున్న ప్రచురణ 2004లో వచ్చింది. అందులోని స్థాయిలు ఎక్కువగా వాయిద్యాలకు అనువైనవి. గాయనులు తరచుగా వాటికన్నా మూడు నాలుగు స్వరాలు దింపుకుంటారు. మీ ఐదు శ్రుతిని ప్రతి పాటకూ అంటించకండి. ఆ పాటలో అన్నిటికన్నా కింది స్వరం, అన్నిటికన్నా పై స్వరం ఏవో చూసి, రెండూ మీకు మాట్లాడినంత సులువుగా పలికే చోటు ఎంచుకోండి. తారస్థాయిలో మన బలం చూపించాలన్న అలవాటు ఇక్కడ పనికిరాదు. మైకు ఉంది, మాట మెల్లగా చెప్పినా చేరుతుంది.

నా ఇంగ్లిష్ తెలుగు యాసలో ఉంటుంది. అమెరికన్లలా పలకాలా?

అనుకరించిన యాస వెంటనే తెలిసిపోతుంది, దాని జోలికి వెళ్లకండి. సరిచేసుకోవాల్సింది ఒకటుంది. మనకు హల్లుతో ముగిసే మాట చివర ఉకారం చేర్చే అలవాటు. 'నైట్' కాస్తా 'నైటు' అవుతుంది. మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు గానీ పాటలో ఒక అక్షరం పెరిగి లయ చెడుతుంది. పాడే ముందు సాహిత్యాన్ని ఎవరికో చెబుతున్నట్టు గట్టిగా చదవండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఈ పాటలను తెలుగులో పాడవచ్చా?

పాడితే వినాలని నాకూ ఉంది. తెలుగు మాటల చివర అచ్చులు స్వరాన్ని నిలపడానికి ఎంతో అనువుగా ఉంటాయి. కష్టం ఇంకోచోట ఉంది. ఈ బాణీలు ఇంగ్లిష్ మాటల్లోని ఊనికల మీద కట్టినవి, చాలా మాటలు ఒక్క అక్షరంలోనే అయిపోతాయి. మనకు అదే భావానికి మూడు నాలుగు అక్షరాలు కావాలి. కాబట్టి వరుసకు వరుస అనువదిస్తే నిలవదు, అదే సందర్భాన్ని తెలుగులో కొత్తగా రాయాలి. హక్కులు ఇంకా ఉన్న పాటైతే అనువాదానికి విడిగా అనుమతి తీసుకోవాలి.

## రికార్డు చేసేటప్పుడు

సినిమా పాటల్లా ఒక్కొక్కరు విడిగా వచ్చి ట్రాకులు ఇస్తే సరిపోదా?

సరిపోదు. మన నగరంలో స్టూడియోలు, వాద్యకారులు సినిమా పద్ధతికి అలవాటుపడ్డారు: చెవిలో తాళం చూపే క్లిక్ చప్పుడు వింటూ ఎవరి భాగం వారు, గాత్రం చివర్లో. దానికి అది సరైన పద్ధతే. ఇక్కడ మాత్రం గాయని ఒక మాటను ఆపితే పియానో కూడా ఆ క్షణంలోనే ఆగాలి, రెండు వారాల ముందు రికార్డు చేసిన పియానో ఆగలేదు. అందరూ ఒకే గదిలో, ఒకరికొకరు కనిపించేలా, క్లిక్ లేకుండా వాయించాలి. డ్రమ్స్ చప్పుడు గాత్రం మైకులో పడుతుంది, దాన్ని తెరలతో తగ్గించండి, పూర్తిగా తీసేయాలని చూడకండి. కోల్ట్రేన్, హార్ట్‌మన్ ఆరు పాటలూ ఒకే రోజున, 1963 మార్చి 7న పాడి వాయించారు. అంత వేగం మనకు అక్కర్లేదు. కానీ పాటకు మూడు టేకులు దాటితే మాటల్లో ప్రాణం తగ్గడం నేను పదేపదే గమనించాను. రిహార్సల్స్ ఎక్కువ పెట్టుకోండి, టేకులు తక్కువ తీసుకోండి.

పెళ్లిళ్ల ముహూర్తాలున్న రోజులు మానుకోండి. గది ఎంత మూసినా బ్యాండు మేళం దూరుతుంది.

డబుల్ బాస్, మంచి పియానో దొరకకపోతే?

డబుల్ బాస్ వాయించేవారు ఇక్కడ తక్కువ. ఎలక్ట్రిక్ బాస్‌తోనే చేయవలసి వస్తే మెత్తగా, బొటనవేలితో మీటమని అడగండి. గ్రాండ్ పియానో దొరికినా వానాకాలంలో తేమకు శ్రుతి జారుతుంది, రికార్డింగ్ రోజు ఉదయమే ట్యూన్ చేయించాలి. మంచి పియానో లేదంటే డిజిటల్ పియానోకు బదులు గిటార్ వైపు వెళ్లమంటాను. గాత్రం, గిటార్, బాస్ చాలు. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1973లో 'టేక్ లవ్ ఈజీ' ఆల్బమ్‌ను జో పాస్ ఒక్కరి గిటార్‌తో చేశారు.

ఎన్ని పాటలు ఉండాలి? వరుస ఎలా పెట్టాలి?

తొమ్మిదీ పదీ చాలు, నలభై నిమిషాలు. 1948లో వచ్చిన ఎల్పీ రికార్డు ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు కాస్త ఎక్కువ పట్టేది. ఆ కొలత శ్రోత ఓపికకు ఇప్పటికీ సరిపోతోంది. ఒకే స్థాయిలో, ఒకే నడకలో రెండు పాటలు పక్కపక్కన పెట్టకండి. మీకు ఎంతో ఇష్టమైన నెమ్మది పాటను మొదట పెట్టాలనిపిస్తుంది, దాన్ని నాలుగో ఐదో స్థానానికి జరపండి. అప్పటికి శ్రోత మీ గొంతుకు అలవాటుపడి ఉంటారు.

పాత పాటలే కదా, హక్కులు తీసుకోవాలా?

చాలావాటికి తీసుకోవాలి. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లపాటు హక్కు ఉంటుంది. బాణీకీ మాటలకూ వేర్వేరుగా చూడాలి. జార్జ్ గెర్ష్విన్ 1937లో మరణించారు, ఆయన బాణీలకు మాటలు రాసిన అన్న ఐరా గెర్ష్విన్ 1983లో మరణించారు. అంటే వాయిద్యాల మీద వాయిస్తే ఒక లెక్క, పాడితే ఇంకో లెక్క. అమెరికాలో ఆ కాలపు రచనలకు ప్రచురణ నుంచి 95 ఏళ్లు. 1930లో అచ్చయిన రచనలకు 2026 జనవరి 1తో అక్కడ రక్షణ తీరింది. ఇంటర్నెట్‌లో విడుదల చేసిన పాట అన్ని దేశాలకూ చేరుతుంది కాబట్టి రెండు లెక్కలూ చూసుకోవాలి.

హక్కు ఉన్న పాటను మళ్లీ పాడి విడుదల చేయడానికి మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 31సీ సెక్షన్ ఒక దారి చూపుతుంది. మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు గడిచి ఉండాలి, ముందుగా నోటీసు ఇచ్చి రాయల్టీ కట్టాలి, అదీ ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన. మనలాంటి చిన్న ఆల్బమ్‌కు అది భారమే. అందుకని ప్రచురణ సంస్థను నేరుగా అడిగి చూడటం మేలు. సంగీత హక్కులు తెలిసిన న్యాయవాదితో ఒక్కసారైనా మాట్లాడండి, పాటల జాబితా ఖాయం చేసుకునే ముందే.

ఆల్బమ్ వివరాల్లో ఏమేమి రాయాలి?

ప్రతి పాట కింద బాణీ కట్టినవారి పేరు, మాటలు రాసినవారి పేరు విడివిడిగా రాయండి. మాటలు రాసినవారిని వదిలేయడం మనదగ్గర ఎక్కువ. ప్రతి వాద్యకారుడి పేరు, వాయిద్యం, ఎవరి సోలో ఏ పాటలో ఉందో, రికార్డు చేసిన తేదీ, గది, ఇంజినీరు పేరు కూడా ఉండాలి. పియానో ట్యూన్ చేసినవారి పేరు కూడా వేయండి.